పుట్టుమచ్చకు ఫోను వైద్యం: వినకూడని సలహాలు

మా పిన్ని కాలు స్టూలు మీద పెట్టించి అరికాల్లోని మచ్చను ఆరుసార్లు ఫొటో తీశాడు మా తమ్ముడు. మొదటి ఐదూ మసకగా ఉన్నాయంది, మచ్చ ప్రమాదమో కాదో చెప్పే యాప్. ఆరోసారి ఆకుపచ్చ గుండ్రం వచ్చింది. "భయం లేదు పిన్నీ, ఫోనే చెప్పింది" అన్నాడు. కలకత్తా దగ్గరి టీటాగఢ్ జూట్ మిల్లు లైన్లలో నలభై ఏళ్లు చెప్పుల్లేకుండా తిరిగిన పాదం అది. ఆ ఆకుపచ్చను నమ్మి ఆమె ఎనిమిది నెలలు ఊరుకుంది. కలకత్తాలో చర్మ వైద్యుడు ముక్క తీయించాక తేలింది, అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని. ఆ ఎనిమిది నెలలూ నేనూ ఆ ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాను, ఒక్కసారి కూడా డాక్టరు దగ్గరికి వెళ్దాం అనలేదు. ఆ రోజుల్లో మా చెవిన పడ్డ సలహాలు ఇక్కడ రాస్తున్నాను. అన్నీ ప్రేమతో చెప్పినవే. ఒక్కటీ వినకండి.

"యాప్ ఆకుపచ్చ చూపిస్తే వదిలెయ్." అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. యాప్ ఎర్ర రంగు చూపిస్తే ఎవరైనా ఆస్పత్రికి పరిగెడతారు, అది తప్పని తేలినా పోయేది ఒక పూట. ఆకుపచ్చ తప్పయితే పోయేవి నెలలు. అమెరికాలో పిట్స్‌బర్గ్ పరిశోధకులు నాలుగు యాప్‌లను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో మూడు, మెలనోమా ఉన్న మచ్చల్లో నూటికి ముప్ఫై, ఆపైన, ఏమీ లేదని చెప్పేశాయి. అన్నిటికంటే బాగా పట్టింది నాలుగోది. ఎందుకంటే అది ఫొటోను చర్మ వైద్యుడికి పంపేది! 2015లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ మెల్‌యాప్, మోల్ డిటెక్టివ్ అనే రెండింటిని అమ్మినవాళ్ల మీద చర్య తీసుకుంది, మెలనోమాను పట్టేస్తాయని ఆధారం లేకుండా చెప్పుకున్నందుకు. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష కూడా, అన్ని క్యాన్సర్లనూ పడతాయని ఈ యాప్‌లను నమ్మలేమనే చెప్పింది.

"కంప్యూటర్ డాక్టర్లతో సమానంగా పట్టిందట కదా." పట్టిన మాట నిజమే. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 1,29,450 ఫొటోలతో కంప్యూటర్‌కు నేర్పించి, 21 మంది చర్మ వైద్యులతో పోల్చి చూస్తే అది వాళ్లకు దీటుగా నిలిచింది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ అక్కడ దానికి ఇచ్చినవి ఏరి పెట్టిన మంచి ఫొటోలు. ట్యూబ్‌లైటు కింద, వణికే చేత్తో, పగుళ్లు బారిన అరికాలిని తీసిన ఫొటో కాదు. పైగా ఇలాంటి యాప్‌లు పాఠం నేర్చుకున్న ఫొటోల్లో ఎక్కువ భాగం తెల్లచర్మానివే. మన ఒంటి రంగు వాటికి కొత్త.

"మనది నల్లచర్మం, మనకు చర్మ క్యాన్సర్ రాదు." దీనికి నేను ఎక్కువసేపు జవాబు చెప్పాలి, సగం నిజం కాబట్టి. మెలనోమా మన దేశంలో అరుదే. కానీ వచ్చినప్పుడు అది తరచు ఎండ పడని చోటే వస్తుంది: అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో జబ్బు తేలింది, 1981లో ముప్ఫై ఆరేళ్లకే పోయాడు. మన గోళ్ల మీద నల్లగీతలు మామూలుగానూ ఉంటాయి, ప్రతి గీతకూ హడలిపోవద్దు. ఒకే గోరు మీద గీత వెడల్పవుతున్నా, నలుపు గోరు దాటి పక్క చర్మంలోకి పాకుతున్నా ఆగకూడదు.

బెంగాల్లో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి ఉంది. కలకత్తా చిత్తరంజన్ ఎవెన్యూలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో 1983లో డాక్టర్ కె.సి. సాహా, పల్లెల నుంచి వచ్చినవాళ్ల చర్మం చూసి బోరింగు నీళ్లలోని ఆర్సెనిక్‌ను పట్టుకున్నారు. ఒంటి మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతుల్లో అరికాళ్లలో ఆనెల్లాంటి గట్టి బొడిపెలు. వాటి నుంచి ఏళ్ల తర్వాత చర్మ క్యాన్సర్ రావచ్చు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి ఏళ్ల తరబడి ఊరూరా నీళ్లు పరీక్షించారు. ముర్షీదాబాద్, నదియా, మాల్దా, ఉత్తర 24 పరగణాలు వంటి జిల్లాల్లో ఆ విషం ఉంది. నీళ్లకు రంగు మారదు, వాసన ఉండదు, కాచినా పోదు. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పుట్టుమచ్చ కోసం చేసిన యాప్‌కు ఆ చినుకులు, ఆ బొడిపెలు చూపించి ఏం లాభం? మీరు ఏ నీళ్లు తాగి పెరిగారో అది అడగదు.

"మచ్చ ఉంటేనే చూపించు." ఫోను మనం చూపించిన చోటే చూస్తుంది, మనం తీసుకెళ్లని చోటికి అది వెళ్లదు. నడుము దగ్గర లంగా బొందు ఏళ్ల తరబడి ఒరుసుకుని, నల్లబడి, పుండై మానకపోతే అదీ క్యాన్సర్‌గా మారవచ్చు. పంచె కట్టే మగవాళ్లలో అదే చోట వచ్చేదానికి 1945లోనే ధోతీ క్యాన్సర్ అని పేరు పెట్టారు. అక్కడికి ఫోను పట్టుకెళ్లే ఆడమనిషిని నేనింకా చూడలేదు. పాత కాలినగాయం మచ్చ మీద మళ్లీ పుండు లేచినా అంతే.

"సున్నం, సోడా కలిపి పెట్టు, రాలిపోతుంది." జీడిగింజ రసం, గుర్రపు వెంట్రుక కట్టడం, అన్నీ ఈ కోవలోవే. పులిపిరి అనుకుని కాల్చింది పులిపిరి కాకపోతే, పైన మానుతుంది, లోపల పెరుగుతుంది. పరీక్షకు పంపడానికి ఆనవాలు కూడా మిగలదు.

"కత్తి తగిలితే పాకుతుంది." ఈ భయంతోనే పిన్ని చివరి రెండు నెలలు పోగొట్టుకుంది. ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. ముక్క తీయకపోతే అదేమిటో ఎవరూ చెప్పలేరు, ఎంత పెద్ద డాక్టరైనా.

ఫోను వద్దని నేను అనను. నెలకోసారి అదే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. మచ్చ పెరిగిందో లేదో డాక్టరుకు చూపడానికి అంతకంటే మంచి చిట్టా లేదు. తీర్పు మాత్రం దాన్ని అడగొద్దు. కలకత్తా హాజ్రాలో చిత్తరంజన్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ప్రతి పెద్ద ప్రభుత్వాస్పత్రిలోనూ చర్మ విభాగం ఓపీడీ ఉంది. పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడాలి, అంతే.

పిన్నిని చివరికి కలకత్తా తీసుకెళ్లిన రోజు, డాక్టరు మచ్చను పెద్దది చేసి చూపే డెర్మోస్కోపుతో అరికాలు చూసి, "మాషీమా (పిన్నిగారూ), పడుకోండి" అన్నాడు. గజ్జల్లో వేళ్లతో మెల్లగా నొక్కి నొక్కి చూశాడు. ఒకచోట రెండోసారి నొక్కి ఆగాడు. అక్కడ ఒక బిళ్ల కట్టి ఉంది. పిన్నికి అప్పటిదాకా అది తెలియదు.