టెక్నో సంధి పరిచ్ఛేదం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దల నియమం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం, టెక్నో డీజే ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు దాటే పద్ధతి. ప్రయోజనం లేదు. సంబంధం, శబ్దానికీ మోకాలికీ ఉన్నది. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు, తెల్లవారుజామున నాలుగింటికి మెలకువగా ఉండేవాడు. ఆ మెలకువకు ఉద్యోగమో చంటిపిల్లో కారణమైతే అర్హత చెల్లదు.

ముందుగా పూర్వపక్షం. ఇది సాధారణంగా పక్కగదిలోంచి వస్తుంది: "అంతా ఒకటే మోత గదా, ఒకడికీ ఇంకొకడికీ తేడా ఏమిటి?" నిజమే. 1980లలో డెట్రాయిట్‌లో జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ఈ సంగీతానికి రూపం ఇచ్చినప్పటి నుంచీ నడక పెద్దగా మారలేదు. బారుకు నాలుగు దరువులు, నిమిషానికి అటూఇటూగా 130. పల్లవి ఉండదు, చరణం ఉండదు, మాటలుంటే ఒకటీ అరా. అందుకే ఈ శాస్త్రం అవసరమైంది. పదాలన్నీ ఒకే పోలికలో ఉన్న భాషలో కవిని గుర్తుపట్టాలంటే సంధులు తప్ప దిక్కులేదు.

సూత్రం: పూర్వ మంద్రమునకు పర మంద్రము తగులునెడ పూర్వమునకు లోపంబగు.

వృత్తి: రెండు రికార్డుల కిక్ డ్రమ్ములు ఒక్కసారే మోగితే అడుగంతా బురద. కాబట్టి డీజే మిక్సర్ మీద పాత రికార్డు బేస్ తగ్గించి, కొత్తదాని బేస్ పెంచుతాడు. ఉత్వ సంధిలో ఉకారం ఎగిరిపోయినట్టు పాత బేస్ ఎగిరిపోవాలి. ఎగిరిందని ఎవరూ గమనించకూడదు.

సూత్రం: వేగసామ్యము లేక సంధి లేదు.

వృత్తి: ఈ సామ్యం కోసమే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే టర్న్‌టేబుల్‌ని ఆశ్రయించారు. 1972లో వచ్చిన యంత్రానికి 1979 నాటి రెండో రూపంలో వేగం సర్దే జారుడు మీట అమరింది. అటు 8 శాతం, ఇటు 8 శాతం. అంటే 130 దరువుల రికార్డుని 140 దాకా తోలవచ్చు, ఆపైన ఎంతటి పండితుడైనా చేతులెత్తాల్సిందే. సామ్యం తప్పితే ట్రాలీ ఆటోలోంచి బిందెలు దొర్లినట్టు ఉంటుంది. ఇప్పటి యంత్రాల్లో 'సింక్' మీట నొక్కితే చాలు, దరువులు వాటంతటవే కలుస్తాయి. ఆ మీట నొక్కినవాణ్ణి వెలివేయాలనే వర్గం ఒకటుంది. నేను ఆ వర్గంలో లేను. వేగం కుదర్చడం గుమాస్తా పని, యంత్రం చేసుకోనీ. ఏ రికార్డు, ఎప్పుడు అని అడిగితే ఆ మీట నోరు మెదపదు.

ఇక సంధి భేదాలు. మొదటిది నిత్యం, అంటే తప్పక జరిగేది. దీని కాణాచి బెర్లిన్, ముఖ్యంగా పాత విద్యుత్ కేంద్రంలో 2004లో తెరిచిన బెర్గైన్ క్లబ్బు. అక్కడి బెన్ క్లాక్, మార్సెల్ డెట్మన్ ఈ మార్గంలో ఆచార్యులు. ముప్పైరెండు బార్లంటే 128 దరువులు, సుమారు 59 సెకన్లు. అంతసేపూ రెండు రికార్డులూ కలిసి నడుస్తాయి. పాతది ఏ క్షణాన వెళ్ళిందో పట్టుకోలేం. గొప్ప విద్యే, కాని రెండో గంటలో నాకు ఆవలింత వస్తుంది. ఈ మాట ఆ క్లబ్బు గుమ్మం దగ్గర అనకండి, లోపలికి రానివ్వరు. అనకపోయినా రానివ్వకపోవచ్చు.

రెండు రికార్డుల మధ్య ఖాళీకి జడిసి ప్రతిధ్వనినో, ఉస్సుమనే హోరునో చొప్పించడం యడాగమం. దీన్ని వాడేవారి పేర్లు రాయను, కాగితం చాలదు.

పలికిన మాటనే మళ్ళీ పలికే ఆమ్రేడితానికి ఉదాహరణ రిచీ హాటిన్. డెట్రాయిట్‌కి నది అవతల, కెనడాలోని విండ్సర్ ప్రాంతంలో పెరిగినవాడు. 2001 నాటి 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్' కోసం నూరుకు పైగా పాటల్ని కోసి, మూడువందల పైచిలుకు ముక్కలు చేసి, వాటినే తిప్పితిప్పి పేర్చాడు. పాణిని ధాతుపాఠం చదివాడని ఆధారం లేదు గానీ, పని మాత్రం అదే. అక్కడ రికార్డులే మిగల్లేదు, ధాతువులు మిగిలాయి. సంధి చేయడానికి పదాలేవీ అని వ్యాకర్త తల పట్టుకోవాల్సిన చోటు.

ఈ పరిచ్ఛేదం మొత్తానికి కొరకరాని కొయ్య జెఫ్ మిల్స్. డెట్రాయిట్ రేడియోలో 'ది విజర్డ్' పేరుతో మొదలైన ఈయన మూడు టర్న్‌టేబుళ్ళు ఒకేసారి నడుపుతాడు. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్‌లో వాయించింది మరుసటి ఏడు డిస్కుగా వచ్చింది. గంటా పది నిమిషాల లోపు ముప్పైకి పైగా రికార్డులు! ఒకచోట సంధి జరుగుతుంది. ఒకచోట జరగదు. ఒకచోట జరిగీ జరగనట్టుంటుంది. ఇంకోచోట ఇదేమిటో అర్థం కాదు. మన వ్యాకర్తలు ఈ నాలుగింటినీ కలిపి ఒక్క మాటలో 'బహుళం' అని ఊపిరి పీల్చుకున్నారు, నేనూ అంతే. దరువు జారడం, ఆయన దాన్ని వేలితో సర్దడం, జనం కేకలు, అన్నీ ఆ డిస్కులో వినిపిస్తాయి. నునుపు చేసి ఉంటే ఎవడో ఒక డీజే అయ్యేవాడు.

విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేయడం, కావ్యదోషమని ఆలంకారికుల మాట. హాంబర్గ్‌కి చెందిన హెలెనా హాఫ్ ఆ మాట పట్టించుకోదు. విరిగిన నడక ఎలెక్ట్రో పక్కన తిన్నని టెక్నో పెట్టి, అతుకు కనబడితే కనబడనీ అంటుంది ఆమె పద్ధతి. రికార్డు మంచిదైతే దోషం క్షమార్హం.

ఇదంతా శాస్త్రమేనా అని ఇంకా శంకించేవారికి రాజశాసనం చూపిస్తాను. డీజే వాయించేది కచేరీయేనని, కాబట్టి బెర్గైన్ టికెట్ల మీద పన్ను 19 శాతం కాదు, 7 శాతమేనని జర్మనీలో పన్నుల కోర్టు 2016లో తీర్పిచ్చింది. 2024లో బెర్లిన్ టెక్నో ఆ దేశపు అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. వ్యాకరణానికి పన్ను రాయితీ ఇంకెక్కడైనా ఉందా?

అభ్యాసం: లిక్విడ్ రూమ్ డిస్కులో మొదటి పది నిమిషాలు విని, సంధులను విడదీసి వాటి పేర్లు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇయర్‌ఫోన్లు తప్పనిసరి.