బోరుకొచ్చిన జీపు

మా మనవడికి హైదరాబాదులో ఉద్యోగం. ఆరు నెలల కిందట ఒక పాత జీపు కొన్నాడు. సీజే-3బీ, పెట్రోలుది. పట్టుమని పది రోజులు నడిపాడో లేదో, వెనక నీలిపొగ. బండి పెట్రోలు కన్నా ఆయిలే ఎక్కువ తాగుతోందని ఫోను. దాన్ని లారీ మీద నర్సీపట్నం తోలించి, వెనకే తనూ బస్సు దిగాడు. “తాతయ్యా, ఇంజన్ రీబిల్డ్ చేద్దాం. నా బడ్జెట్ అరవై వేలు” అన్నాడు.

రీబిల్డేమిట్రా? మా రోజుల్లో ఇంజను కట్టడం అనేవాళ్ళం. బడ్జెట్ అనే మాట ఢిల్లీలో ఆర్థికమంత్రికే ఉండేది. మాకుండేది జేబు.

ఇంతకీ ఆ జీపు ఎందుకయ్యా అంటే ఆఫ్ రోడింగ్‌కట. ఆదివారం పూట మంచి రోడ్డు వదిలేసి, డబ్బులు పోసి మరీ బురదలో దిగబడటం. మేం చింతపల్లికి సర్వీసు జీపు నడిపే రోజుల్లో, లంబసింగి ఘాటీ ఎక్కాక లోపలి ఊళ్ళకి అసలు రోడ్డుంటే కదా, దాన్ని వదలడానికి! సంతరోజున లోపల జనం, వెనక వేలాడే జనం, బానెట్టు మీద ఇద్దరు, పసుపు బస్తాలు, చింతపండు, కోళ్ళు. డ్రైవరు సగం శరీరం బయటే ఉండేది. అంత బరువుతో ఎక్కితే రేడియేటరు కారక ఏం చేస్తుంది? కారితే బస్తాలోంచి గుప్పెడు పసుపు తీసి అందులో వేసేవాళ్ళం. సన్నచిల్లి అయితే పూడిపోయేది. పసుపు తాలూకు మనిషి అటు తిరిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు దానికీ సీసాలో మందు అమ్ముతున్నారు. మనవడు కొన్నాడు కూడా.

ఈ బండి మూతి ఎందుకంత ఎత్తుగా ఉంటుందని అడిగితే వాడికి తెలీదు. అంతకు ముందరి విల్లీస్ ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. దీనికొచ్చేసరికి ఇన్‌లెట్ వాల్వుల్ని హెడ్డులోకి ఎక్కించారు, ఇంజను ఎత్తు పెరిగింది, బానెట్టు పైకి లేచింది. ఎగ్జాస్టు వాల్వులు మాత్రం పాత చోటే, బ్లాకు పక్కన. వాటి టాపెట్లు సర్దాలంటే పక్క మూత విప్పి, సందులో చెయ్యి దూర్చి, వేళ్ళ గణుపుల తోలు అక్కడ సమర్పించుకుని రావాలి. అమెరికావాళ్ళు ఈ బండిని 1953లో మొదలెట్టి 1968లో ఆపేశారు. మన మహీంద్రావాళ్ళు ఆ బొమ్మనే పట్టుకుని ఆ తర్వాత కూడా ఏళ్ళకేళ్ళు నడిపారు. పిస్టన్లూ రింగులూ ఇవాళ్టికీ దొరుకుతున్నాయంటే ఆ పుణ్యమే.

పెట్రోలు ధర భరించలేక మా వాళ్ళు చాలామంది డీజిలు ఇంజన్లు ఎక్కించేశారు. మాటాడోర్ వ్యాను ఇంజను దించి జీపులో కూర్చోబెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడలా చేస్తే ఆర్టీయే ఆఫీసులో సమాధానం చెప్పుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగించడానికే, 600 ఉన్న ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. కాబట్టి ఉన్న ఇంజనే కట్టుకోవాలి.

సరే, విప్పాం. రెండో సిలిండరు పైఅంచున గోరు తగిలేంత గట్టు. వీడు సంచీలోంచి డయల్ పెట్టిన బోర్ గేజీ తీశాడు. దాని ఖరీదు చెప్పాడు గానీ నాకు వినబుద్ధి కాలేదు. నేను పాత రింగొకటి తీసి బోరులో వేసి, పిస్టనుతో తిన్నగా కిందికి నెట్టాను. అడుగున అసలు అరగని చోట రింగు నోరు ఫిల్లర్ గేజీతో చూస్తే 14 థౌ, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అదే రింగు పైకి తెచ్చి చూస్తే 41. తేడా 27. దాన్ని మూడూ చిల్లరతో భాగిస్తే ఎనిమిదిన్నర పైచిలుకు. బోరు పైన అంత అరిగిందన్నమాట. చుట్టుకొలత పెరిగితే అడ్డుకొలత ఎంత పెరుగుతుందన్న బడి లెక్కే ఇది. మా మేస్త్రి బడికి వెళ్ళలేదు గానీ ఈ లెక్క ఆయనకి నోటికొచ్చు. వీడి గేజీ చూపించింది ఎనిమిదిన్నర. “దగ్గరగానే ఉంది తాతయ్యా” అన్నాడు, నీరసంగా. ఆ పూట నేను రెండు టీలు తాగాను.

గొడవ పిస్టన్ల దగ్గరొచ్చింది. నలభై ఓవర్‌సైజు సెట్టు ఆన్‌లైనులో చవగ్గా దొరికిందట, బుక్ చేయబోతున్నాడు. నేను ఫోను లాక్కున్నంత పని చేశాను. ఎనిమిది, తొమ్మిది థౌ అరిగింది, అరుగుడు ఒక పక్కే ఎక్కువ, కాబట్టి పదికి శుభ్రపడదు. ఇరవై కోయిస్తే చాలు. ఇరవైతో పోయేదానికి నలభై కోయిస్తే ఆ బ్లాకు ఆయుష్షులో ఒక విడత ఊరికే చెత్తబుట్టలో పోసినట్టు. ఇరవై, నలభై, అరవై, ఆ తర్వాత స్లీవులు. మా రోజుల్లో ఒక బ్లాకుని తండ్రీ కొడుకులిద్దరూ తినేవాళ్ళు. ఇప్పుడేమో పార్టు చవగ్గా దొరికిందని దానికి సరిపడేలా బ్లాకుని కోయిస్తారట. చెప్పులు చవగ్గా వచ్చాయని కాళ్ళు చెక్కించుకున్నట్టు.

ఇంకో మాట. పిస్టన్లు ముందు చేతికి రావాలి, బోరు తర్వాత. నాలుగు పిస్టన్లూ బ్లాకుతోపాటే లేతు షాపులో ఇచ్చి, ఏ పిస్టను ఏ బోరుదో నంబరు కొట్టించుకోవాలి. తెచ్చాక రింగులు లేకుండా పిస్టను బోరులో దించి, పక్కన మూడు థౌ ఫిల్లరు పెట్టి లాగితే బిగువుగా రావాలి. ఊరికే జారి వచ్చిందా, మళ్ళీ షాపుకే. మేం బ్లాకుని గోనెలో చుట్టి బస్సు టాపు మీద విశాఖపట్నం పట్టుకెళ్ళేవాళ్ళం, కాబట్టి రెండోసారి వెళ్ళే ఓపిక ఉండేది కాదు. మొదటిసారే అక్కడ కూర్చుని, ఎదురుగా కొలిపించి, సరిపోయిందనుకుంటేనే లేచేవాళ్ళం. వీడు బ్లాకు పంపించి వాట్సాపులో ఫోటో పెట్టమన్నాడు. ఫోటోలో మూడు థౌ కనబడుతుందా?

వాల్వుల దగ్గర మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి. గ్రైండింగు పేస్టు రాసి, కర్ర రెండు అరచేతుల మధ్య పట్టుకుని మజ్జిగ చిలికినట్టు ఎనిమిదీ చిలికాడు. కిరసనాయిలు పోస్తే ఒక్క బొట్టు దిగలేదు. సీటు చుట్టూ బూడిదరంగు గీత, తెగకుండా. ఫోను చూసి నేర్చుకున్నాడట. ఏమో, చేతులకి మాత్రం బొబ్బలొచ్చాయి, నాకు తృప్తిగా అనిపించింది.

బోరు చేయించిన బ్లాకు ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, వాళ్ళ నాయనమ్మ కాగులో నీళ్ళు మరగబెట్టి, అందులో బట్టల సబ్బుపొడి కలిపి, బ్లాకుని పెరట్లో పెట్టి రుద్దుతున్నాడు. పాలసీసాలు కడిగే బ్రష్షుతో! “బ్లాకుకి తలంటు పోస్తున్నావేంట్రా?” అన్నాను. కిరసనాయిలు నూనెని కడుగుతుంది గానీ హోనింగు రాతిపొడిని వదిలించదట, సబ్బునీళ్ళే వదిలిస్తాయట. బోరులో తెల్లగుడ్డ తిప్పితే తెల్లగానే రావాలట. కడగడం అవ్వగానే తుప్పు పట్టకుండా ఆయిలు పూశాడు. తర్వాత గ్రైండు చేయించిన క్రాంకు తీసి, దాని ఆయిలు బెజ్జాల్లోకి సన్నటి తీగబ్రష్షు దూర్చి ఒక్కొక్కటే తోముతున్నాడు. గ్రైండింగు పొడి బయటికొస్తోంది, నల్లటి బురదలా.

నేను అక్కణ్ణుంచి లేచి వీధి అరుగు మీదికొచ్చాను.

1983లో నా జీపు కట్టినప్పుడు క్రాంకు ఇరవైకి గ్రైండు చేయించాను. తెచ్చి, కిరసనాయిలు గుడ్డతో పైపైన తుడిచి, ఎక్కించేశాను. మర్నాడు సంత, బండి లేకపోతే రోజు గడవదు. నలభై కిలోమీటర్లు వెళ్ళానో లేదో, ఘాటీలో టకటక మొదలైంది. దించి చూస్తే కొత్త బేరింగులు రంపంతో కోసినట్టున్నాయి. లారీకి కట్టి కిందికి తెచ్చుకున్నాం. లేతు షాపువాణ్ణి నెల్లాళ్ళు తిట్టాను, ఊరందరి ముందూ. అతను మారు మాట్లాడలేదు. బెజ్జాలు నేను కడగలేదని అతనికి తెలిసే ఉంటుంది.

సాయంత్రం వాడొచ్చి పక్కన కూర్చున్నాడు, చేతులు తుడుచుకుంటూ. “తాతయ్యా, నీ జీపు ఒకసారి కొత్తగా కట్టిన రెండో రోజే పోయిందట కదా, నాయనమ్మ చెప్పింది. ఏమైంది?”

“ఆ రోజుల్లో ఆయిలు మంచిది దొరికేది కాదురా” అన్నాను.