ఉప్పల్‌లో రాత్రి మెతుకులు

మా రోజుల్లో వరంగల్ బస్సు దిగి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడితే, లాడ్జి ఎట్లుందని ఎవరూ చూసేవాళ్ళు కాదు. పక్కన మెస్సు ఉందా లేదా, అదీ చూసుకునేది. నేను మోటార్ల రిపేరు పనిమీద నాచారం పారిశ్రామికవాడ చుట్టూ తిరిగినవాణ్ణి. పగలంతా షెడ్లలో గ్రీజు, పొద్దుగూకాక చన్నీళ్ళ స్నానం, ఆపైన మెస్సు. కంపెనీ ఇచ్చే బత్తాలో మిగిలిందే ఇంటికి. లాడ్జి అద్దె తగ్గదు, బస్సు టికెట్టు తగ్గదు. ఏం మిగిలినా రాత్రి తిండిలోనే మిగలాలి.

మెస్సులో ధర గోడమీద సుద్దతో రాసి ఉండేది. డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటే మళ్ళీ జేబులో చెయ్యి పెట్టే పనిలేదు. పప్పు, ఒక వేపుడు, చారు, మజ్జిగ. నిజం చెప్పాలంటే పప్పు పలచన, మజ్జిగ మరీ పలచన. అయినా మారు అన్నం అడిగితే కాదనేవాడు లేడు. షెడ్డులో పనిచేసినవాడి ఆకలి ఎంతో వడ్డించేవాడికి తెలుసు.

ఇప్పుడు? గది తలుపు వెనకాలే అట్ట వేలాడుతుంది: బయటి తిండి తేరాదు. కింద లాడ్జి వాళ్ళ రెస్టారెంటులో ఫుల్ మీల్స్ అడిగితే ‘మధ్యాహ్నమే సార్’ అంటాడు కుర్రాడు. రాత్రయితే రొట్టెకో ధర, పప్పుకో ధర, పెరుగుకో ధర. కూర్చోగానే నీళ్ళ సీసా మూత తీసేస్తారు. దానిమీద అచ్చువేసిన ధరకన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి అక్కడ గొడవపడి లాభం లేదు. మూత తీయకముందే మామూలు నీళ్ళు అడగాలి. సర్వీస్ ఛార్జీ సంగతి వేరు. అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది. నేను వేలుపెట్టి చూపించి తీయిస్తాను. పక్కన మా అబ్బాయి ఎవరో తెలియనివాడిలా ఫోను చూసుకుంటాడు.

గది మీదా బాదుడే. వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జులై దాకా జీఎస్టీ లేదు. అప్పుడు 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరులో 5కి దించారు. దించినందుకు మనం దండం పెట్టాలట.

హైదరాబాదులో సర్కారు వాళ్ళ 5 రూపాయల భోజనం ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది. 2025లో పేరు ఇందిరమ్మ క్యాంటీన్లని మార్చి పొద్దున టిఫినూ చేర్చారు. మరి రాత్రికో? పొరుగూరి నుంచి కూలికో, ఇంటర్వ్యూకో వచ్చినవాడికి రాత్రే కదా దిక్కుతోచనిది! ఆంధ్రాలో అన్న క్యాంటీన్లలో రాత్రి భోజనం కూడా 5 రూపాయలకే పెడుతున్నారు. ఆ ‘అన్న’ ఎన్టీ రామారావుగారి స్టూడియో ఉన్నది మాత్రం మన నాచారంలో.

అందరూ ఉప్పల్‌కు మెట్రో వచ్చింది, స్కైవాక్ వచ్చింది అంటారు. వచ్చాయి, కాదనను. కానీ ఇక్కణ్ణుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి వరంగల్ రోడ్డును తవ్విపెట్టారు. ఆ దుమ్ములో బండి పెట్టుకుని ఇడ్లీ అమ్మేవాడు ఎట్లా బతుకుతాడు, తినేవాడు ఎట్లా తింటాడు?

ఈ కాలంలో నేను ఒప్పుకునేవి రెండే: కర్రీ పాయింటు, జొన్నరొట్టె. మా రోజుల్లో కూర ఒక్కటే విడిగా అమ్మే కొట్టు ఎక్కడుంది? ఇప్పుడు కాలనీకొకటి. సాయంత్రమైతే రోడ్డువారన పొయ్యి పెట్టి, అరచేతుల్తో తట్టి రొట్టె కాల్చే ఆడవాళ్ళున్నారు. రెండు రొట్టెలు, ఒక పప్పుకూర పొట్లం, ఓ పెరుగు ప్యాకెట్టు – హోటల్ వాడి ఒక్క పప్పు గిన్నె ధరలో కడుపు నిండుతుంది, కళ్ళముందే కాలిన రొట్టె. స్టీలు ప్లేటూ చెంచా నా సంచిలోనే ఉంటాయి. పొట్లం కూడా ఆ సంచిలోనే, రెంచీల కింద. రిసెప్షన్ అబ్బాయికి వాసన తెలుస్తుంది, పెద్దాయన కదా అని ఊరుకుంటాడు. ఊరుకోనివాడు ఎదురైతే రోడ్డు మీదే తినేసి వెళ్తాను. ఇడ్లీ కావాలంటే బండి దగ్గరే నిలబడి తినాలి. చట్నీ పొట్లం కట్టిస్తే గదికి చేరేలోపు కారిపోతుంది.

స్టేడియంలో ఐపీఎల్ ఉన్న రాత్రి మాత్రం ఉప్పల్‌లో దిగొద్దు. గది అద్దె మండుతుంది, జనం దిగబడితే రొట్టెల వరసలో మన వంతు ఎప్పటికో. హబ్సిగూడ దాటి నాచారం లోపలికి వెళ్ళండి. లేదంటే పని మర్నాటికి పెట్టుకోండి.