నేను తిప్పిన ఊరు

నేనొక కరెంటు మోటారును. ఒక హార్స్ పవర్, త్రీ ఫేజ్. పుట్టింది కోయంబత్తూరులో, పని నేర్చింది భివండీలో, వయసంతా కరిగించింది సిరిసిల్లలో. ఇప్పుడు బొగ్గుబాయిల నడుమ నస్పూర్‌లో, శ్రీరాంపూర్ పోయే దారి మీది ఒక వెల్డింగ్ షాపులో గ్రైండింగ్ రాయిని తిప్పుతున్నాను. గడ్డపారలకు మొన తీస్తాను, గేటు ముక్కల గరుకు పోగొడతాను. షాపుకొచ్చే బొగ్గుబాయి కార్మికులు నా మీద టీ గ్లాసు పెట్టబోయి, వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నా బతుకు గుడ్డల మధ్య గడిచిందని చెబితే వాళ్లు నమ్మరు. నా ఒంటి మీద ఇప్పుడు దూది నుసి లేదు, ఇనుప రజను ఉంది.

నన్ను భివండీకి తోలుకుపోయింది బొంబాయి సమ్మె. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని ఆపేశారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మునుపటిలా కోలుకోలేదు. మిల్లు ఆగిందని జనం బట్ట కట్టడం మానరు కదా, ఆ బేరమంతా భివండీ షెడ్లకు మళ్లింది. కొత్త సాంచాలు దిగాయి. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఒక్కో సాంచాకు ఒక్కో మోటారు కావాలి. అట్లా నేను పద్మానగర్‌లో ఒక రేకుల షెడ్డు చేరాను. భివండీ మరాఠీ ఊరే అయినా పద్మానగర్‌లో నాకు వినబడింది తెలుగే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు గుంతమగ్గం మీద ఇల్లు గడవక, రైలెక్కి వచ్చి వేసుకున్న పేట అది. నా ఆసామిది సిరిసిల్ల.

1984 మేలో భివండీలో అల్లర్లు జరిగాయి. షెడ్లకు తాళాలు పడ్డాయి. తాళాలు పడ్డ రాత్రే ఆసామి భార్య తేల్చి చెప్పింది: "ఉన్న నాలుగు సాంచాలు లారీల ఏస్కొని ఊరికి పోదాం. గంజి తాగినా మన వాడకట్టుల తాగుదాం." కొన్నాళ్లకు లారీ కట్టారు. సాంచా చట్రాలు ఒకవైపు, మేము నాలుగు మోటార్లం గోనెసంచుల్లో ఇంకోవైపు.

సిరిసిల్ల మానేరు ఒడ్డున ఉంటుంది. దగ్గర్లోనే వేములవాడ రాజన్న గుడి, ఏటి దిగువన కరీంనగర్. మేం వచ్చేసరికే అక్కడ సాంచాల చప్పుడు మొదలైంది. మాకంటే ముందు సోలాపూర్, భివండీ, సూరత్ నుంచి తిరిగొచ్చినవాళ్లు పాత సాంచాలు కొనుక్కొచ్చి దించారు. నాలాంటివాళ్లకు అక్కడ ఒక ధీమా ఉంది, కరెంటు. దేశంలో మొదటి విడత గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి 1970లో సిరిసిల్లలోనే ఏర్పడింది. జనం నోట అది 'సెస్'. తమ సంఘం, తమ వాటా, తమ కరెంటు అని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. వాడకట్టుల్లోకి స్తంభాలు రాగానే ఇంటి వసారాలే షెడ్లయ్యాయి. బి.వై. నగర్, సుందరయ్యనగర్ గల్లీల్లో గోడకు ఇటు చంటిపిల్ల ఊయల, అటు మేము.

మేం దిగగానే పక్కింటి గుంతమగ్గం పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. 1985లో కేంద్రం చట్టం చేసి 22 రకాల బట్టలు చేతిమగ్గానికే ప్రత్యేకించింది. ఆ చట్టం కోర్టులకెక్కి, 1993లో సుప్రీంకోర్టులో నిలబడి, 1996కు 11 రకాలకు కుదించుకుపోయింది. చట్టం అట్లా కోర్టుల చుట్టూ తిరుగుతుండగా నేను ఆయన గోడ పక్కనే పగలూ రాత్రీ తిరిగాను. ఆయన రోజంతా నేసేది నేను పూట గడవక ముందే తేల్చేదాన్ని. అదే ఊళ్లో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడు, ఆయన కొడుకు విజయ్ ఆ విద్య నిలబెట్టాడు. 2022లో వెల్ది హరిప్రసాద్ చేతిమగ్గం మీద జీ20 గుర్తు నేస్తే ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. ఆ పని నా వల్ల కాదు. నాకు వేగం ఉంది, వేళ్లు లేవు.

ఆ వేగం లెక్క చెబుతాను. నేను నిమిషానికి 900 పైచిలుకు చుట్లు తిరుగుతాను. బెల్టు ఆ వేగాన్ని తగ్గించి సాంచా ఇరుసుకిస్తుంది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే నాడె ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి దూకుతుంది. నిమిషానికి 130 దూకుళ్లు వేసుకోండి. అంగుళానికి 40 అడ్డపోగులు పడే గుడ్డయితే నిమిషానికి మూడంగుళాల పైన, గంటకు 5 మీటర్లు. 12 గంటలకు 60 మీటర్లు రావాలి, రావు. పోగు తెగుతుంది, కండె అయిపోతుంది, కరెంటు పోతుంది. 45 వస్తే ఆ పూట బాగున్నట్టే. కార్మికుడి కూలీ మీటర్ల మీదనే గనుక అతను ఒక్క సాంచా ముందు నిలబడడు. పక్క షెడ్లవీ కలుపుకొని ఎనిమిదింటి మధ్యో పదింటి మధ్యో నడుస్తూనే ఉంటాడు. చెవులు పెందలాడే మొద్దుబారతాయి, మాటలకంటే సైగలెక్కువ. పోగు తెగిన సాంచాను చప్పుడు తేడాతో పట్టేస్తాడు.

నూలు సాంచా దాకా రావడానికి ఇంకా చాలా చేతులు కావాలి. వార్పిన్ పట్టి, పడుగు చుట్టే భీములు నింపేవాళ్లు ఉంటారు. భీము అయిపోగానే కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా కలిపేది వైపని కార్మికులు. కండెలు చుట్టే ముసలమ్మలు, నాకు జబ్బు చేస్తే చూసే జాబర్లు. ఇంటి ఆడవాళ్లు వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టేవారు. సాంచా ఆగిన వారాల్లో పొయ్యి వెలిగింది ఆ బీడీల పైసలతోనే. మగవాళ్లు ఇది ఒప్పుకోరు, నేను చూశాను గనుక చెబుతున్నాను.

సిరిసిల్లలో మూడంతస్తులు ఉంటాయి. పైన నూలు తెచ్చి, గుడ్డ తీసుకుపోయే యజమాని. నడుమ సాంచాలు, షెడ్డు, అప్పు ఉన్న ఆసామి. కింద రెండు చేతులే ఉన్న కార్మికుడు. నా ఆసామికి నూలు ఏ ధరకు కొన్నారో తెలియదు, గుడ్డ ఎంతకు అమ్ముడుపోయిందో తెలియదు. మీటరుకు ఇంత అని చెబితే తల ఊపేవాడు. ఆ పైనున్న యజమాని చేతిలోనూ అంతా లేదు. పాలిస్టర్ నూలు ధర సూరత్, భివండీలలో తేలుతుంది. మేం నేసిన తెల్లగుడ్డ రంగు పడేది, లంగాగానో లైనింగుగానో మారేది ఊరు దాటాకే. ముప్పై వేలకు పైగా సాంచాలున్న ఊళ్లో ధర చెప్పే నోరు ఒక్కటీ లేదు.

ఆసామి చిన్నకొడుకు టెక్స్‌టైల్ డిప్లొమా చదివేవాడు. రాత్రి షిఫ్టులో నా పక్కన పీట వేసుకొని గట్టిగా చదివేవాడు, మా చప్పుడును మించి. అట్లా స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ అనే చిన్న పట్నం సంగతి విన్నాను. అక్కడ మగ్గాలు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవి, బేరం మాత్రం పట్నం వర్తకుల చేతిలో. నార గుడ్డ పట్నానికి రావాలి, పరీక్షకు నిలవాలి, ముద్ర వేయించుకోవాలి, ఆ తర్వాతే దేశాలు దాటాలి. ఆ ముద్ర చూసి దూరదేశాల వాళ్లు డబ్బిచ్చేవారు. తర్వాతి కాలంలో అదే పట్నం కుట్టుపూల అల్లికతో పేరు మోసింది, మొదటి ప్రపంచ యుద్ధం దెబ్బకు ఆ వ్యాపారం కూలింది. ముద్ర ఉన్న ఊరే కూలగలిగితే, ముద్ర లేని ఊరి గతేమిటి? ఆ పక్క ప్రాంతమే గ్లారుస్. అక్కడ 1864లోనే మిల్లు పని రోజుకు 12 గంటలు మించరాదని చట్టం చేశారు. పుస్తకం మూసి ఆ పిల్లవాడు గోడ గడియారం చూశాడు. మా షెడ్డులో షిఫ్టు 12 గంటలే. వాళ్లు ఇంతకు మించొద్దని గీసిన గీతే మాకు మామూలు రోజు.

ఆ దేశం నుంచే ఇంకో కబురు కూడా వచ్చింది. వింటర్‌థూర్‌లోని సుల్జర్ వాళ్లు నాడె లేకుండానే నేసే సాంచా చేశారు. అర కిలో నాడెను అటూ ఇటూ విసిరే బదులు, 40 గ్రాముల ఉక్కు బిళ్ల పోగును పట్టుకొని దూసుకుపోతుంది. అట్లాంటివి పాతవి కొని మన దేశంలోనూ పెట్టారు. నాడె లేని సాంచాలున్న పెద్ద ఊళ్లతో మా మీటరు ధర పోటీ పడాల్సి వచ్చింది. తొంభైల చివర నుంచి మొదలైన ఆ గడ్డుకాలంలో నూలు ధర పెరిగింది, కరెంటు బిల్లు పెరిగింది, గుడ్డ గోదాముల్లో పేరుకుపోయింది. ఇళ్లలో మనుషులు తగ్గిపోయారు. కొందరు మళ్లీ భివండీ బస్సెక్కారు. కొందరు ఏ బస్సూ ఎక్కలేదు, దూలానికి తాడు కట్టారు. ఊరి పేరును ఉరితో కలిపి పత్రికలు రాసుకున్నాయి. మా షెడ్డులోనూ ఒకరు పోయారు. మరునాడు అతను చూసే సాంచాలను ఇంకొకరికి అప్పగించారు, నేను తిరిగాను. స్విచ్చు వేస్తే తిరగడం తప్ప నాకు ఇంకో దారి లేదు. ఆ తర్వాత కరెంటు బిల్లులో సగం రాయితీ వచ్చింది, బడిపిల్లల యూనిఫాం గుడ్డ ఆర్డర్లు వచ్చాయి. ఊపిరి నిలిచింది.

2016లో ఊరు జిల్లా అయింది, రాజన్న సిరిసిల్ల. మరుసటి ఏడు సర్కారు పండక్కి పంచే బతుకమ్మ చీరలొచ్చాయి. మొదటి ఏడాది గడువు చాలక చాలా చీరలు సూరత్ నుంచి తెప్పించారు. 2018 నుంచి ఆర్డరంతా మా సాంచాల మీదికే. ఏటా కోటి దాకా చీరలు! తెల్లగుడ్డ తప్ప ఎరగని మా సాంచాలకు అంచు డిజైన్లు వేసే డాబీలు ఎక్కించారు, అంచులో జరీ పోగు పడింది. నా మీద బరువు పెరిగింది, ఒళ్లు కాలేది, అయినా ఆ ఏళ్లే నాకు మంచి ఏళ్లు. భివండీలో ఉన్న కార్మికులు కొందరు తిరిగొచ్చారు. ఆసామి అప్పు తీర్చి ఇంటికి స్లాబు వేశాడు. ఒక్క సంగతి మాత్రం మారలేదు. మునుపు వ్యాపారి ధర చెప్పేవాడు, ఇప్పుడు సర్కారు చెప్పింది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు చెయ్యి కడుక్కుంటే ఊరంతా పస్తే.

2024లో అదే జరిగింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, ఆ తర్వాత చీరల ఆర్డరు ఆగింది, పాత బిల్లులు తెమలలేదు. సాంచాలు వరుసగా ఆగిపోయాయి. నలభై ఏళ్ల చప్పుడుకు అలవాటైన వాడకట్టుల్లో పసిపిల్లలు నిద్రపట్టక ఏడ్చారు. ఆసామి ఆరు నెలలు చూసి, నాలుగు సాంచాలనూ పాత ఇనుముకు తూకం వేయించాడు. మోటార్లకు మాత్రం విడిగా బేరం కుదిరింది, మాలో రాగి తీగ ఉంది మరి. ఆ ఏడాదే వేములవాడకు నూలు డిపో మంజూరైందని, తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చి సాంచాలు మళ్లీ కదిలాయని ఇక్కడికొచ్చాక విన్నాను. నూలు దగ్గర్లో దొరకడం చిన్న మేలు కాదు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ నూలు లారీ దిగిన రోజే పండుగ.

నన్ను కొన్న వెల్డింగ్ మేస్త్రీని మొదటి రోజు ఒక బాయి కార్మికుడు అడిగాడు: "ఏడిదన్నా ఈ మోటరు?"

"సిరిసిల్లల సాంచాలది తమ్మీ. పాతదే గని మస్తు గట్టిది."

ఇక్కడికొచ్చాక నాకు ఒక వింత తెలిసింది. రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ 1983లో నడిచింది. నేను సిరిసిల్ల చేరింది ఆ కొత్తలోనే. అక్కడ కాలిన బొగ్గు ఈ సింగరేణి నేలదే. అంటే సింగరేణి బాయిల్లో ఎవరో తవ్విన బొగ్గు కూడా తీగలెక్కి వచ్చి నన్ను తిప్పి ఉంటుందన్నమాట. బొగ్గు తవ్వేవాళ్లదీ కష్టమే, భూమి కిందికి దిగే కష్టం. అయినా వాళ్ల షిఫ్టు 8 గంటలు. వాళ్ల జీతాలు యూనియన్లు కూర్చొని మాట్లాడిన ఒప్పందాలతో తేలతాయి. ఆసుపత్రి ఉంది, క్వార్టర్ ఉంది, దసరాకు కంపెనీ లాభాల్లో వాటా ఉంది. అదే బొగ్గు కరెంటై సిరిసిల్ల చేరేసరికి దాని ముందు నిలబడ్డవాడికి 12 గంటల షిఫ్టు, మీటరు కూలీ. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఒక పూట బస్సు ప్రయాణం. ఇక్కడ పనికి లెక్క రాసుకునే పుస్తకం ఉంది, అడిగే సంఘానికి బలం ఉంది. అక్కడ మనిషి ఒక్కొక్కడుగా వసారాలో ఉన్నాడు.

మేస్త్రీ భార్య నిరుడు దసరాకు ముందు ఇల్లు దులిపి, ఒక పాత చీరను షాపు కిటికీకి పరదాగా కట్టింది. నిప్పురవ్వలు రోడ్డు మీద పడకుండా. ఎర్రటి నేత, జరీ అంచు, బతుకమ్మ చీరే. నాతో తిరిగిన సాంచాలదో, పక్క గల్లీ సాంచాలదో చెప్పలేను. "పల్సగున్నది, ఎవరు కడ్తరు" అన్నదామె. ఎవరు నేశారో ఆమెకు తెలియదు, చీర మీద ఎక్కడా ఊరి పేరు లేదు. పేరుంటే ఆమె పల్చన అని తిట్టినా సిరిసిల్లను తిట్టేది, మెచ్చితే సిరిసిల్లను మెచ్చేది. తిట్టుకు సమాధానం చెప్పాల్సినవాడు బాగా నేస్తాడు. మెప్పు పొందినవాడు ధర అడుగుతాడు.

నాలాంటి మోటార్లు కోయంబత్తూరులో ఎన్నైనా దొరుకుతాయి. కాబట్టి సిరిసిల్లకు కొత్త యంత్రాలు పంపండని నేను అడగను. అంచు మీద ఊరి పేరు నేయండి, ఆ పేరు వాడుకునే హక్కు మంచి గుడ్డకే ఇవ్వండి, ధర మాట్లాడే గదిలో ఆసామికీ కార్మికుడికీ చెరొక కుర్చీ వేయండి. ఆ మూడూ జరిగితే సాంచాను తిప్పడం ఎంతసేపు, ఒక హార్స్ పవర్ చాలు.