సామెతకి అర్థం చెప్పు బాబూ!

మనిషికి మతి స్థిమితంగా ఉందో లేదో తేల్చడానికి మానసిక వైద్యులు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇవాళ ఏ వారం? ఇది ఏ ఊరు? ఆపైన ఒక సామెత చెప్పి అర్థం చెప్పమంటారు. వారం అడిగితే రిటైరైన మా బాబాయి కూడా తడుముకుంటాడు. అయినా ఆయన్ని ఎవరూ ఎక్కడా చేర్పించలేదు. ఇంట్లో పిన్ని ఉంది కదా!

ఆ మధ్య చుట్టాన్ని చూడ్డానికి ఓ సర్కారు మానసిక ఆస్పత్రికి వెళ్లి, ఓపీ దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. రైల్వే స్టేషన్లో అరుస్తూ తిరుగుతున్నాడట. ఒక కాలికే చెప్పు. గోళ్ల సందుల్లో ఎండిన సిమెంటు. గుమాస్తా రిజిస్టర్లో చకచకా రాసేశాడు: పేరు, తెలియదు. ఊరు, తెలియదు. భాష, హిందీ వగైరా.

ఆ 'వగైరా'లో ఒడియా, భోజ్‌పురీ, మైథిలీ, సంతాలీ అన్నీ సర్దుకుపోతాయి. ఉత్తరాదివాళ్లు మనందర్నీ మద్రాసీలంటే ఉడుక్కుంటాం కదా, ఆ బాకీ ఇక్కడ తీర్చేసుకుంటాం.

ఇలా వచ్చినవాళ్లలో కొందరి జబ్బు తాత్కాలికమే. జనరల్ బోగీలో రోజున్నర పాటు నిద్ర, తిండి, నీళ్లు లేక నిలబడితే కొందరికి మతి చెదురుతుందని డాక్టర్లకు తెలుసు. రోజూ తాగేవాడికి హఠాత్తుగా మందు ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణికి, లేని మనుషులు కనిపిస్తారు. సకాలంలో వైద్యం అందితే వీళ్లలో చాలామంది రోజుల్లోనే తేరుకుంటారు. తేలనిది అడ్రసు.

చట్టానికి మాత్రం మతి భేషుగ్గా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేదవాడికి కార్డు ఉన్నా లేకపోయినా వైద్యం ఉచితం. ఏం వైద్యం చేస్తున్నారో అతనికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలి. రోడ్డు మీద తిరుగుతూ దొరికితే పోలీసులు లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో ఆస్పత్రికి చేర్చాలి, తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ రాసి ఇంటివాళ్లను వెతకాలి. కుటుంబం లేదన్న కారణంతో ఆస్పత్రిలోనే ఉంచేయకూడదు. అక్షరం కూడా తప్పులేదు. తెలుగులో 'వగైరా' అనేది ఎంత గొప్ప పదమో ఆ చట్టం రాసినవాళ్లకు తెలియదు, అంతే.

ఇక సర్కారువారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే ఇరవై భాషల్లో పలుకుతారు. కుర్రాడి ఫోను ఎక్కడ పోయిందో అది పలకదు.

కోలుకున్నా ఆస్పత్రుల్లోనే మగ్గుతున్నవాళ్ల సంగతి చూడమని సుప్రీంకోర్టు 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. మహారాష్ట్రలో భరత్ వట్వానీ అనే డాక్టరు రోడ్ల మీద దొరికినవాళ్లకు వైద్యం చేయించి, ఊరు కనుక్కుని, ఇళ్లకు చేర్పిస్తుంటే 2018లో మెగసెసే అవార్డు ఇచ్చారు. మనిషిని ఇంటికి పంపడం మన దగ్గర అంతర్జాతీయ స్థాయి ఘనకార్యం మరి!

మన కుర్రాడి దగ్గరికొద్దాం. దుబాసీ కావాలన్నారు. గేటు బయట పానీపూరీ బండి కుర్రాణ్ణి పిలుచుకొచ్చారు. అతనిది బీహార్. బండి దగ్గర గిరాకీ పోతోందని అతని బాధ.

డాక్టరుగారు అలిసిపోయి ఉన్నారు, బయట ఇంకా యాభై మంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అంటే ఏంటి బాబూ?" అని అడిగారు.

పానీపూరీ అబ్బాయి గడ్డం గోక్కున్నాడు. "బురదలో కాలెందుకు పెట్టావని సార్ అడుగుతున్నారు" అన్నాడు, తన హిందీలో.

కుర్రాడు చెప్పులేని పాదం వైపు చూసుకున్నాడు. సిగ్గుపడి, దాన్ని కుర్చీ కిందికి లాక్కున్నాడు.

'సామెత భావం గ్రహించలేడు' అని రాసుకున్నారు డాక్టరుగారు. "తెలుగు బొత్తిగా రాదా?" అన్నారు.

తెలుగు అన్న మాట వినగానే కుర్రాడి మొహం వెలిగింది. వచ్చని తల ఊపాడు. గొంతు సవరించుకుని, పనిచేసిన చోట రోజూ విన్న పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాడు:

"తొందరగా కానియ్‌రా, ఏడుపు మొహమా!"

డాక్టరుగారు కేస్ షీటు మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. 'వైద్యుల పట్ల దురుసు ప్రవర్తన. డోసు పెంచాలి.'