పారేయనివ్వని పిన్ని

తెలుగు కుటుంబాలలో పారేయనివ్వని పిన్ని అనే వ్యక్తి దాదాపు ప్రతి వంశవృక్షంలోనూ ఏదో ఒక కొమ్మ మీద కనిపిస్తుంది. కొన్ని ఇళ్ళలో ఆమె అత్తయ్యగానో వదినగానో ఉండవచ్చు, అరుదుగా ఉద్యోగ విరమణ చేసిన పెదనాన్న రూపంలోనూ అవతరించవచ్చు గాని, లక్షణాలు మాత్రం మారవు. ఖాళీ అయిన ఏ వస్తువునూ ఖాళీగా చూడలేకపోవడం వాటిలో మొదటిది. ఆ వస్తువుతో తాను తయారుచేసినదాన్ని తన ఇంట్లో ఉంచుకోలేకపోవడం రెండవది. ఈ రెంటికీ నడుమ బంధువర్గమంతా కాపురం చేస్తుంది.

ముడిసరుకు సేకరణ ఆమె జీవితంలో నిరంతరం సాగే క్రియ కాబట్టి దానికి కాలనియమమూ స్థలనియమమూ ఉండవు. హార్లిక్స్ సీసాలు, పాత సీడీలు, చిట్లిన గాజులు, పిస్తా పెంకులు, టానిక్కు సీసాల మూతలు, కొత్త చొక్కా కాలరు కింద వచ్చే ప్లాస్టిక్ పట్టీలు, పట్టుచీరల అంచులు ఆమె సొంత ఇంట్లోనే కొంత పోగవుతాయి గాని, అసలైన రాబడి ఇతరుల ఇళ్ళ నుంచి వస్తుంది. చుట్టపుచూపుగా వెళ్ళిన చోట ఇంటి ఇల్లాలు చెత్తబుట్ట వైపు రెండడుగులు వేయగానే, హాలులో వియ్యాలవారి మర్యాదల గురించి మాట్లాడుతున్న పిన్ని ఆ మాట ఆపకుండానే, “ఆ డబ్బా పారేస్తున్నావా ఏమిటే? కడిగి ఇలా ఇవ్వు” అంటుంది. పిల్లవాడు పుల్ల ఐస్‌క్రీము తింటున్నంతసేపూ ఆమె వాడి పక్కనే కూర్చోవడాన్ని మనవడి మీద మమకారంగా భావించినవారు, “పుల్ల కొరక్కు నాన్నా, చీలిపోతే పనికిరాదు” అన్న మాట చెవిన పడిన తరువాత తమ అభిప్రాయాన్ని సవరించుకుంటారు.

శుభలేఖల విషయంలో ఆమెకు ధర్మబలం కూడా తోడవుతుంది. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని చెత్తలో వేయకూడదనే సంకోచం తెలుగు ఇళ్ళలో సర్వసామాన్యం కావడంతో, పారేయలేని శుభలేఖల కట్ట ఒకటి ప్రతి ఇంటి అలమరలోనూ పడి ఉంటుంది. ఆ ధర్మసంకటాన్ని పిన్ని ఒక్క కత్తెరతో తీరుస్తుంది. కత్తిరించిన వినాయకులందరూ ఒకే అట్ట మీద బారులు తీరి, చుట్టూ చమ్కీ అంచుతో ఆమె పూజగది గుమ్మం పైకి ఎక్కుతారు. ఆ వధూవరులలో కొందరు విడిపోయి చాలాకాలమైనప్పటికీ, వారి పెళ్ళి వినాయకుడు మాత్రం అతికించిన చోటనే ఉన్నాడు. మిగిలిన అట్టముక్కల వెనుక వైపు పచారీ జాబితాలకు పనికివస్తుంది. (ఈ వ్యాసపు చిత్తుప్రతికి కూడా అటువంటి అట్టముక్కలే ఆధారమయ్యాయన్న సంగతిని దాచడం న్యాయం కాదు.)

పోగైనదంతా ముందు మంచాల కిందికి, అక్కడి నుంచి అటక మీదికి, చివరకు బాబాయి గారి బీరువాలో కింది అరలోకి విస్తరిస్తుంది. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్, పగిలిన గాజులనూ పింగాణీ ముక్కలనూ ఏళ్ళ తరబడి ప్రభుత్వ భూమిలో రహస్యంగా పోగుచేసి వాటితో బొమ్మలు కట్టగా, సంగతి బయటపడిన తరువాత అధికారులు వాటిని పడగొట్టకుండా 1976లో రాక్ గార్డెన్ పేరిట ప్రజలకు తెరిచి, ఆయనకు జీతమిచ్చి పనివారిని కూడా కేటాయించారు. బాబాయి గారి ఇంట వ్యవహారం ఇంకా సంగతి బయటపడిన దశలోనే ఆగి ఉంది. మేజోళ్ళ కోసం అర తెరిచిన ఆయనకు బోలు కోడిగుడ్డు పెంకులు దర్శనమిచ్చినప్పుడు, ఆయన వెలిబుచ్చే మాటలలో చండీగఢ్ అధికారుల ఔదార్యం ఏ కోశానా కనిపించదు.

ఈ కళకు మూలం పొదుపు అని పిన్ని నమ్మకం. ఆ నమ్మకాన్ని అంకెలతో పరీక్షించే సాహసం ఇంట్లో ఎవరూ చేయలేదు గాని, చేసి ఉంటే ఫలితం ఊహించదగినదే: పైసా ఖర్చు లేని ఖాళీ సీసాను పూలకూజాగా మార్చడానికి అక్రిలిక్ రంగులు, కుంచెలు, వార్నిషు, అద్దాలు, కుందనాలు, వీటితో పాటు రెండు ముద్దలను కలిపి పిసికితే రాయిలా గట్టిపడే ఎం-సీల్ కావాలి. నిజానికి కారే గొట్టాలను పూడ్చడానికి పుట్టిన ఆ ముద్ద, తెలుగు దేశంలో గొట్టాల మీద కంటే కుండల మీది రాధాకృష్ణుల ముక్కుల తయారీలోనే ఎక్కువగా ఖర్చయి ఉంటుందనడంలో అతిశయోక్తి స్వల్పం. పిస్తా పెంకులతో తామరపువ్వు చేయాలని సంకల్పించిన మాసంలో, కిలో వెయ్యి రూపాయలు దాటిన పిస్తా కొనిపించి, పప్పు తిని పెంకులను సమానంగా విడదీసి ఇచ్చే బాధ్యతను ఆమె ఇంటిల్లిపాదికీ పంచింది; కదిలే పళ్ళున్న బాబాయి గారికి కూడా మినహాయింపు దొరకలేదు. ఆ తామర పూర్తయినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న, ఇటువంటి ప్రతి సందర్భంలోనూ అడిగేదే: “నిజం చెప్పు, ఇదే బయట కొంటే ఎంతుంటుంది?” దీనికి చెప్పే జవాబు మరీ తక్కువగా ఉంటే అవమానం, మరీ ఎక్కువగా ఉంటే వెటకారం, కాబట్టి ఆ ఇంటి అల్లుళ్ళు, కోడళ్ళు ఆ ఏడాది ఎగ్జిబిషన్ ధరలను తెలుసుకుని ఉండడం ఆనవాయితీ అయింది. సరైన అంకె వినబడగానే ఆమె ముఖంలో వెలిగే తృప్తి నిజంగా చూడదగినది, ఆ తృప్తి కోసం మరో యాభై రూపాయలు కలిపి చెప్పాలనిపించేటంత నిర్మలమైనది.

జిగురు గురించి కొంత శాస్త్రం చెప్పక తప్పదు, ఎందుకంటే బంధువుల ఇళ్ళలో జరిగే ప్రమాదాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. 1959లో ఫెవికాల్ రావడంతో ప్రచారం పొందిన తెల్ల జిగురు, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసి వేడిచేసి వాడుకునే పాత జిగురుకు బదులుగా వడ్రంగుల చేతికి అందిన పదార్థం. అందులోని నీరు చెక్కలోకో కాగితంలోకో ఇంకి, మిగిలినది ఆరిపోతేనే అది పట్టు సాధిస్తుంది. ప్లాస్టిక్కు, గాజు నీటిని పీల్చవు కనుక వాటి మీద ఆ పట్టు అంతంతమాత్రమే. ఈ సంగతి తెలిసిన తరువాత పిన్ని గ్లూగన్‌కు మారింది. మైనపు కడ్డీలాంటి జిగురు కడ్డీని కరెంటుతో కరిగించి చుక్కలుగా వదిలే ఆ తుపాకీ క్షణాలలో దేనినైనా అతికిస్తుంది. అయితే వేడికి కరిగినది వేడికే మెత్తబడుతుంది కనుక, మే నెలలో విజయవాడ ఎండకు నిలిపిన కారులో డాష్‌బోర్డు మీది గవ్వల ఆంజనేయస్వామి సంజీవని పర్వతాన్ని చేజార్చుకోవడంలో అపశకునమేమీ లేదు. ఫోనులో ఆ వార్త విన్న పిన్ని మాత్రం, “మీ కారే అంత” అని తీర్పు చెప్పింది.

ఆమె కృతులకు, తవ్వకాలలో దొరికిన పెంకులను వర్గీకరించినట్లు పొరలు పొరలుగా కాలనిర్ణయం చేయవచ్చు. అడుగున, ప్లాస్టిక్ తీగలను ముడివేసి అల్లిన వైరు బుట్ట ఉంటుంది. ఇన్నేళ్ళకూ కూరగాయల బరువు మోస్తున్న ఆ ఒక్క వస్తువును ఎవరూ కళాఖండంగా లెక్కించరు. దాని పైన మాక్రమే, అంటే సూది గాని మగ్గం గాని లేకుండా తాడును ముడులతోనే అల్లే పద్ధతిలో చేసిన గుడ్లగూబ. ఆపైన పూసల చిలుకలు, అద్దాల కుండలు, సన్నని కాగితపు పట్టీలను చుట్టలు చుట్టి అతికించే క్విల్లింగ్ నెమలి, పట్టుదారం చుట్టిన గాజులు. గాజుల మిగులుకు ఊలు కలిపి చేసిన గుమ్మం తోరణం ఆ తరువాతి పొర. గుంటూరు సీమలో ఊలుకు మరే ఉపయోగమూ లేదు కనుక ఇది సమంజసమే. ఈ పొరల నడుమ బడి పిల్లల కోసం చేసినవీ ఉన్నాయి. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చేసిన సిఫారసుతో పాఠశాలల్లో ప్రవేశించిన ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ, పిల్లల చేతులకు పని నేర్పాలని ఉద్దేశించినది. ఆచరణలో ఆ శ్రమ తల్లుల మీద, గడువు రేపే అన్న రాత్రి తల్లుల నుంచి పిన్ని మీద పడింది. మేనల్లుళ్ళ పేరిట ఆమె సంపాదించిన మార్కులకు రికార్డు లేదు.

బహుమతి ఇవ్వడంలో ఆమె పద్ధతి స్వీకర్తకు తప్పించుకునే దారి మిగల్చదు. గృహప్రవేశానికి సీడీల సూర్యుణ్ణి తెచ్చిన పిన్ని, మేకునూ సుత్తినీ కూడా సంచిలో వెంట తెస్తుంది. అద్దె ఇల్లయితే యజమానితో ఆమే మాట్లాడి ఒప్పిస్తుంది, ఆ యజమానికి ఒక పెన్నుల స్టాండు అందుతుంది. ఆ తరువాతి రాకపోకలన్నీ తనిఖీలే. ఆమె ఆటో వీధి మలుపు తిరిగిందన్న కబురు అందగానే పరుపుల బీరువా వెనుక నుంచి సూర్యుడు ఉదయించి గోడ ఎక్కడం, ఆమె వెళ్ళగానే అస్తమించడం అలవాటైన ఇళ్ళున్నాయి. ఒక ఇంట్లో మాత్రం దుమ్ము దులపవలసిన పనిమనిషి ఆ బొమ్మను తనకిమ్మని అడిగి పట్టుకెళ్ళింది. ఈ కథ తెలిసినప్పుడు పిన్ని నొచ్చుకుంటుందని అందరూ భయపడగా, ఆమె ఆ పనిమనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి మరో రెండు ఇచ్చి వచ్చింది.

అయితే చేతిపనిని కాలక్షేపమని తేలికగా కొట్టిపారేయడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఇళ్ళలో కూర్చుని లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథం, విదేశాలకు ఎగుమతయ్యే సరుకును తయారుచేస్తున్న వారి శ్రమ, గృహిణుల తీరిక వేళ వ్యాపకంగా లెక్కకు రావడం వల్లనే కూలి అంత అడుగున ఉండిపోయిందని చూపింది. అక్కడ నిజమైన పనికి కాలక్షేపమని పేరు పెట్టారు. పిన్ని ఇంట నిజమైన కాలక్షేపం పనిగా చలామణీ అవుతూ, “క్షణం తీరిక లేదమ్మా” అన్న మాటతో వంట బాధ్యతను తరచుగా కోడలికి బదిలీ చేస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఎవరూ అడగకుండా చేసిన వస్తువుల చరిత్ర. అడిగినప్పుడు ఆమె వేరే మనిషి. ఇంట్లో పెళ్ళి కుదరగానే అందరి కళ్ళూ ఆమె వైపే తిరుగుతాయి, ఆమె చేతులూ సంగతి గ్రహిస్తాయి. జీలకర్ర బెల్లం పెట్టేవరకు వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర మీద ఆమె కుట్టే శంఖచక్రాలలో ఒక్క చమ్కీ కూడా ఎక్కువ ఉండదు. పెళ్ళికూతురి చేతిలోని కొబ్బరిబోండాన్ని, తలంబ్రాల పళ్ళేన్ని, పానకపు బిందెలను అలంకరించేటప్పుడు ఆమె బరువు చూస్తుంది, పట్టుకోవడానికి చోటు వదులుతుంది, పసుపునీళ్ళు తగిలితే రంగు దిగుతుందేమోనని ముందే తడిపి చూస్తుంది. కర్పూరపు బిళ్ళలను గుచ్చి చేసే దండకు మరొక జాగ్రత్త అవసరం: కర్పూరం ద్రవంగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది కనుక, దాన్ని ముహూర్తానికి దగ్గరగానే గుచ్చి, గాలి తగలని డబ్బాలో మూసి ఉంచాలి. ఎవరి గోడ మీదా మిగలకుండా గాలిలో కలిసిపోయే ఆ దండే ఆమె చేతిపనులన్నిటిలోకి ఉత్తమమైనదని బాబాయి గారి అభిప్రాయం. కారణాన్ని పక్కనబెడితే ఆ అభిప్రాయం సరైనదే. బొమ్మల కొలువు నాడూ ఇంతే. పొణికి చెక్కతో చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికే కొండపల్లి అంబారీ ఏనుగుకు తొండం విరిగితే, అతుకు కనిపించకుండా నిలబెట్టగలిగేది ఆ వీధి మొత్తం మీద ఆమె ఒక్కతే. పనికి అవసరం ఉన్నచోట ఆమె చేతికి హద్దు తెలుస్తుంది. చిక్కంతా పెళ్ళిళ్ళు లేని ఆషాఢం వంటి మాసాలతోనే వస్తుంది.

కొడుకు ఉద్యోగరీత్యా డల్లాస్‌లో స్థిరపడడంతో ఆమె కృషి ఖండాంతరాలకు వ్యాపించింది. అక్కడి చేతిపనుల సామాను దుకాణానికి కోడలు ముచ్చటపడి తీసుకువెళ్ళినప్పుడు, ఐస్‌క్రీము పుల్లలను ఐస్‌క్రీము లేకుండా, కొత్తవిగా, వందల లెక్కన కట్టలు కట్టి అమ్మడం చూసి పిన్ని చాలాసేపు మాటలేకుండా నిలబడింది. ఎవరూ తినని ఐస్‌క్రీముకు పుల్లలేమిటన్న ఆమె ప్రశ్నకు ఆ దుకాణంలో సమాధానం లభించలేదు. ఒక్కటి కూడా కొననివ్వలేదు. అయితే ఇంటి గడప ముందు రోజూ వచ్చి పడే అట్టపెట్టెలు, మందుల దుకాణం ఇచ్చే నారింజ రంగు పారదర్శకపు సీసాలు ఆ దేశం పట్ల ఆమెకు గౌరవం కలిగించాయి. ఆరు నెలల పాటు గరాజులో ఒక మూల వాటితో నిండింది, కోడలి కారు బయట ఎండలో నిలిచింది.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి, ఒక్కొక్క పెట్టెకు 23 కిలోల పరిమితి గురించి కొడుకు తూకంతో సహా వివరించి, బరువు ఎక్కువైనందున కొన్నిటిని తీసేయక తప్పదని చెప్పగా, ఆమె న్యాయంగానే ఒప్పుకుని, బంధువుల కోసం కొన్న చాక్లెట్లనూ బాదంపప్పునూ బాబాయి గారి కొత్త బూట్లనూ పైకి తీసి పక్కన పెట్టింది. మడతపెట్టిన అట్టలు, ఒకదానిలో ఒకటి దూర్చిన సీసాలు పెట్టెలోనే ఉన్నాయి. కొడుకు వాటి వైపు చెయ్యి చూపబోతే, “బాదంపప్పు హైదరాబాదులో దొరకదుట్రా? ఇంత గట్టి అట్ట ఎక్కడ దొరుకుతుంది, చెప్పు” అంటూ, జిప్పు పడేందుకు మూత మీద కూర్చోమని బాబాయి గారిని పిలిచింది.