కాదన్న గడపకే మళ్ళీ వెళ్ళేవాళ్ళం

ఏ ప్రచారం గురించి అడిగినా ఇప్పటివాళ్ళు ముందు ఒకటే లెక్క చెబుతారు: ఎంతమందికి చేరింది. వీడియో ఎన్ని లక్షల మంది చూశారు, మెసేజి ఎన్ని ఫోన్లకు వెళ్ళింది, ర్యాలీలో ఎంతమంది పిల్లలు ఎండలో అట్టలు పట్టుకుని నిలబడ్డారు. మా రోజుల్లో ఈ లెక్క తిరగేసి ఉండేది. ఎవరికి చేరలేదు, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు అని సాయంత్రం మీటింగులో అడిగేవారు. జవాబు లేకపోతే మర్నాడు మళ్ళీ ఆ గడపకే పంపేవారు.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో బడిపంతులుగా చేశాను. 1991 ప్రాంతంలో అక్షరదీపం అని సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాతా బృందాలు పాటలతో, నాటికలతో ఊరూరా తిరిగాయి. పాటలు బాగుండేవి, జనం కదలకుండా కూర్చునేవారు. కానీ పాట అయిపోయాక అందరూ ఇళ్ళకు పోతారు కదా, మా పని అక్కణ్ణుంచి మొదలయ్యేది. రాత్రి బడిలో లాంతరు దగ్గరికి నిన్న వచ్చిన ఆమె ఈరోజు రాలేదు. ఎందుకు రాలేదు? వలంటీరు వెళ్ళి ఆమె ఇంటి అరుగు మీద కూర్చునేది. "మొగుడు తాగొచ్చి పలక ఇసిరేసినాడు. కూలి డబ్బులు సారాయి కొట్టుకు పోతా ఉంటే నాకు అ ఆ లెందుకమ్మా" అనేది ఆ తల్లి. ఒక్క ఊళ్ళో కాదు, మేం వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఇదే మాట.

ఆ ఉద్యమానికి పుస్తకాలు రాసినవాళ్ళకు ఆ గోడు తెలుసు. అక్షరాలు వచ్చినవాళ్ళ కోసం తర్వాత వేసిన వాచకంలో సారాయి సంగతి చోటు చేసుకుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారాయి కొట్టు మూయించిన వైనం "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమైంది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివి, మనమెందుకు చేయకూడదని లేచారు. 1992లో సారాయి వేలంపాటలను అడ్డుకున్నారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ బాధ ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

నన్ను ఇప్పటికీ కదిలించేది వేరే సంగతి. సారాయి మీద వచ్చే డబ్బు సర్కారు ఖజానాకే పోయేది. ఆ రాబడికి గండి కొట్టిన పాఠం సర్కారు నడిపిన చదువులోనే ఉంది! ప్రజల మేలు కోరి చెప్పే మాట అంటే అదీ. ఈరోజు అలాంటి పాఠం ఏ ఏజెన్సీ రాస్తుంది? కాంట్రాక్టు ఇచ్చినవాడికి ఇబ్బంది కలిగించే మాట ఏ కన్సల్టెంటు నోట వస్తుంది?

పల్స్ పోలియో కూడా కాదన్న గడపకే మళ్ళీ మళ్ళీ వెళ్ళి గెలిచింది. 1995 డిసెంబరులో మొదలైంది. చుక్కలు వేసిన బిడ్డ ఎడమ చిటికెనవేలికి సిరా పూసేవారు. ఇంటింటికీ తిరగడం వచ్చాక, పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో 'పి' అని, మిగిలిపోయిన ఇంటికి 'ఎక్స్' అని రాసేవారు. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్ళీ వెళ్ళాల్సిందే. ఉత్తరప్రదేశ్‌లో ఆ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరనే పుకారు లేచినప్పుడు, పోస్టర్లు ఎన్ని అంటించినా తలుపులు తెరుచుకోలేదు. ఆ వీధివాళ్ళకు నమ్మకమున్న ఇమాములు, పెద్దలు, ఆడవాళ్ళు వెళ్ళి మాట్లాడాకే తెరుచుకున్నాయి. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. దాని వెనక ఎన్ని ఎక్స్ గుర్తులు పి గుర్తులుగా మారాయో తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పాతదంతా బంగారమని నేననను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది పోయారు. రేడియోలో చెప్పిన హెచ్చరిక గుడిసెల దాకా పోలేదు, పోయినా ఎక్కడికి వెళ్ళాలో చెప్పే నాథుడు లేడు. 1990 మేలో వచ్చిన తుపాను కూడా భయంకరమైనదే. కానీ ఈసారి ముందే ఊళ్ళ మీద పడి లక్షల మందిని తరలించారు. ప్రాణనష్టం వెయ్యికి అటూ ఇటూగా ఆగింది. ఇప్పుడు ప్రతి ఫోనులో తుపాను హెచ్చరిక మోగుతోంది, దానికి చేతులెత్తి దండం పెడతాను. అయినా గుడిసె విడిచి రానని మొండికేసిన ముసలమ్మను లేవదీసేది మోత కాదు, ఎదురుగా నిలబడి బతిమాలే మనిషే.

ప్రచార బోర్డుల మీద నాయకుల ఫొటోల సంగతి కూడా చెప్పాలి. సర్కారు ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప మరొకరివి వద్దని 2015 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరక్కుండానే, 2016 మార్చిలో, గవర్నర్లకూ ముఖ్యమంత్రులకూ మంత్రులకూ తలుపు తీసింది. అప్పుడు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. టీకా తేదీ రాయాల్సిన చోట ఎవరో నవ్వుతూ ఉంటే, ఆ తేదీ కోసం వచ్చిన బాలింత ఏం చదువుకోవాలి?

ఆశా కార్యకర్తలు ఇప్పుడూ ఎండనక వాననక తిరుగుతున్నారు. వాళ్ళమీద నాకు గౌరవమే. కానీ ఇంటికి వెళ్ళినట్టు ఫోనులో ఫొటో ఎక్కించడానికే వాళ్ళ పొద్దు గడిచిపోతుంటే, కూర్చుని వినే తీరిక ఎక్కడిది?

మొన్న మా వీధిలో డెంగీ వచ్చింది. ఆటోకు కట్టిన మైకు, తొట్లు వారం వారం కడగమని చెప్పుకుంటూ ఆగకుండా వెళ్ళిపోయింది. పక్కింటి కోడల్ని అడిగాను, ఎందుకమ్మా కడగవని. "కుళాయి నాలుగు రోజులకోసారి వస్తా ఉంటే, ఉన్న నీళ్ళు పారబోసి ఏంతో వండమంటారు అయ్యోరా" అంది. కుళాయి వదిలే వేళలు మార్చాలి, లేదంటే తొట్లకు గట్టి మూతలన్నా ఇవ్వాలి. ఇంతే. నేనే కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసులో ఇచ్చాను. సోమవారం మళ్ళీ వెళ్ళి అడుగుతాను.